అమ్ముకున్న బర్రెకు పంచనామా ఉండదు

పిడుగు పడి చచ్చిన గొర్రెను ఒకసారి చూసినవాళ్లు మళ్లీ ఎక్కడ చూసినా గుర్తుపడతారు. నోట్లో గడ్డి అట్లే ఉంటుంది. మింగేంత వ్యవధి కూడా దానికి దొరకదు. రోగంతో పోయే జీవం ముందు మేత మానేస్తుంది, మందకు వెనకబడుతుంది, పడుకున్నచోట కాళ్లు కొట్టుకున్న గీతలు నేల మీద కనబడతాయి. పిడుగుకు అవేవీ ఉండవు. కాళ్ల లోపలి వైపు వెంట్రుక సన్నగా కమిలి ఉంటుంది, కొన్నింటికి అదీ ఉండదు. డాక్టరు సారు పోస్టుమార్టం చేస్తుంటే నేను జీవాన్ని పట్టుకుంటాను, ఆయన చెప్పింది రాస్తాను. "నోటిలో మింగని మేత ఉన్నది" అన్న ఒక్క లైను మీద ఒక్కోసారి మొత్తం ఫైలు నిలబడుతుంది.

నేను గోపాలమిత్రను. నాగర్‌కర్నూల్ జిల్లాలో నల్లమల అంచున, డిండి వాగుకు ఇవతల ఉన్న కొన్ని ఊళ్లు నావి. ఆవులకు, బర్రెలకు ఎద సూదులు, అంటే కృత్రిమ గర్భధారణ సూదులు వేయడం నా అసలు పని. దాంతోపాటు ప్రథమ చికిత్స, టీకాలప్పుడు పశువుల దవాఖాన వాళ్లతో ఊరూరా తిరగడం, ఏదైనా ఉపద్రవం వస్తే సారు వెంట పోయి లెక్క రాయడం. వరద, కరువు, ఎండ, రాళ్లవాన గురించి పేపర్లో వచ్చేదంతా మనుషుల వైపు నుంచి వస్తుంది. ముందు మనుషులే, అందులో తేడా లేదు. కానీ మా పాలమూరులో చాలా ఇండ్లకు కొట్టంలో ఉన్నదే ఆస్తి. బిడ్డ కాలేజీ ఫీజుకు రెండు మేకలు పోతాయి. ఆస్పత్రి ఖర్చుకు ఒక దుడ్డె పోతుంది. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో గొర్రెలు ఒక కోటి 90 లక్షలు, దేశంలో అన్ని రాష్ట్రాల కన్నా ఎక్కువ. అందులో పెద్ద వాటా మా పాత మహబూబ్‌నగర్ జిల్లాదే. కాబట్టి విపత్తు వచ్చినప్పుడు కొట్టంలో ఏమైందన్నది చిన్న సంగతి కాదు.

పిడుగు సంగతి పూర్తి చేస్తాను. మబ్బు పట్టగానే జీవాలు చెట్టు కిందికి చేరి ఒకదానికొకటి ఆనుకుని నిలబడతాయి. పిడుగు చెట్టు మీద పడితే కరెంటు మొదలు దగ్గర నేలలోకి దిగి తడి మట్టిలో చుట్టూ పాకుతుంది. మనిషి కాళ్లు దగ్గరగా పెట్టుకుని నిలబడితే రెండు పాదాల మధ్య దూరం తక్కువ. గొర్రెకు, ఎద్దుకు ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య దూరం ఎక్కువ. ఆ రెంటి మధ్య కరెంటు పారేటప్పుడు నడుమ గుండె ఉంటుంది. అందుకే కాస్త దూరంలో ఉన్న కాపరి బతికి, మందలో ఒక పక్కంతా ఒక్కసారే ఒరిగిపోవడం జరుగుతుంది. ఉరుము వినబడగానే మందను చెట్టు కింద నుంచి తోలి, మెట్ట మీద కాకుండా కాస్త పల్లానికి, చెదిరేటట్టు పంపాలి. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ మన చుట్టూ 20 నుంచి 40 కిలోమీటర్ల లోపల మెరుపులు ఉంటే చెబుతుంది. కాపరి దగ్గర బటన్ల ఫోనే ఉంటుంది కాబట్టి, ఇంటి దగ్గర కొడుకో బిడ్డో చూసి ఫోన్ చేయాలి. మా ఊళ్లలో ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఇది అలవాటైంది. వాళ్లను చూస్తే నాకు చాలా సంతోషం.

రెండు మూడేండ్ల కింద వేసవిలో నారాయణపేట వైపు నుంచి ఒక కురుమ పెద్దాయన మందతో మా దారిన వచ్చాడు. ఏటా వస్తాడు. అక్కడ మేత అయిపోగానే తూర్పుకు, సాగర్ ఎడమ కాల్వ కింద వరి కోసిన పొలాలకు పోతారు వాళ్లు. రాత్రి పొలంలో మంద పెడితే రైతు వడ్లో డబ్బులో ఇస్తాడు, పొలానికి ఎరువు దొరుకుతుంది. మా ఊరి శివారులో చింతచెట్టు కింద పిడుగు పడి ఆయన జీవాలు నలభైకి పైగా పోయాయి. మేం పోయేసరికి ఆయన వాటిని వరుసగా పడుకోబెట్టి గొంగడి కప్పబోతున్నాడు. ఒక్క గొంగడి ఎన్నింటికి సరిపోతుంది?

"సారూ, ఈడ్నే పూడుస్తే నా లెక్క పోదు గదా?" అని అడిగాడు.

పోదని సారు చెప్పాడు, పోస్టుమార్టం రాశాడు, ఫొటోలు తీశాం. ఆ తర్వాత మొదలైంది అసలు కష్టం. జీవాలు పోయిన చోట ఉన్న ఆఫీసులో, "నీ ఆధార్, బ్యాంకు ఖాతా వేరే జిల్లావి, అక్కడ పెట్టుకో" అన్నారు. సొంత మండలంలో, "చచ్చింది అక్కడ కదా, అక్కడి పంచనామా కావాలె" అన్నారు. వచ్చే వేసవికి మళ్లీ అదే దారిన పోతూ కనబడితే అడిగాను. ఇంకా రాలేదన్నాడు. మంద సగమైంది. వెంట ఉండే మనవడు లేడు, హైదరాబాదులో పనికి పోయాడట.

ఇక్కడ లెక్కలు కొన్ని చెప్పాలి, ఎందుకంటే ఇవి చాలామంది రైతులకు తెలియవు. 2022 నుంచి 2026 దాకా పెట్టిన విపత్తు సాయం నిబంధనల్లో పాలిచ్చే ఆవుకు, బర్రెకు 37,500 రూపాయలు, దున్నే ఎద్దుకు 32,000, దూడకు 20,000, గొర్రెకు మేకకు 4,000. ఇంటికి పెద్ద పాడి పశువులైతే మూడు, జీవాలైతే ముప్పై వరకే. నలభై పోయినా ముప్పైకే. అంగట్లో ఈనే గొర్రె కొనాలంటే దానికి రెండింతలు పెట్టాలి. అదే నిబంధనల్లో కేంద్రం ఒప్పుకున్న విపత్తులు పన్నెండు. తుఫాను, కరువు, భూకంపం, వరద, వడగండ్లు, చలిగాలులు అందులో ఉన్నాయి. పిడుగు లేదు, ఎండ లేదు. అవి కావాలంటే రాష్ట్రం తన జాబితాలో చేర్చుకుని, విపత్తు నిధిలో పదో వంతు లోపల ఖర్చు చేసుకోవాలి. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను అట్లా చేర్చి, చనిపోయిన మనిషి కుటుంబానికి 4 లక్షలు ప్రకటించింది. మంచి పని. మా పాలమూరు, నల్లగొండ ఎండలు తెలిసినవాళ్లెవరూ కాదనరు.

వరద గురించి నాకు తెలిసిందంతా 2009లో నేర్చుకున్నదే. ఆ ఏడు వానాకాలమంతా మబ్బుల వైపు చూసి చూసి అలిసిపోయాం. ఒక పక్క కరువు మాటలు నడుస్తుండగానే సెప్టెంబరు ఆఖరులో ఎగువన కుండపోత కురిసింది. అక్టోబరు 2 నాటికి కృష్ణ, తుంగభద్ర రెండూ ఒక్కసారి విరుచుకుపడ్డాయి. శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల నీళ్లు వచ్చాయి. డ్యాం కట్టినప్పుడు అనుకున్నదాని కన్నా అది చాలా ఎక్కువ. కర్నూలు మునిగింది, ఇవతల మన అలంపూర్ మునిగింది, రాజోలిలో మగ్గాలతో సహా ఇండ్లు కూలిపోయాయి. నీళ్లు తీసిన తర్వాత టీకాలు వేయడానికి, కళేబరాలు పూడ్చడానికి పాలమూరు నలుమూలల నుంచి మమ్మల్ని పంపారు.

ఒక కొట్టంలో బర్రె మోకాళ్ల మీద కూలబడి చచ్చి ఉంది. పలుపు గుంజకు బిగుసుకుపోయి మెడలోకి దిగింది. ముడి విప్పుదామని చూస్తే తడిసి ఉబ్బి రాలేదు, కొడవలితో కోశాం. పక్క కొట్టంలోనూ అంతే. ఊరిలో మనుషులను సమయానికి గుట్ట మీదికి చేర్చారు, అది గొప్ప సంగతే. కానీ అర్ధరాత్రి పరుగులో పలుపు ఎవరికి గుర్తుంటుంది? బర్రె ఈదగలదు. మెడ విడిచిపెడితే చాలాసార్లు తన తిప్పలు తాను పడుతుంది. ఆ ఊళ్లో బతికినవన్నీ విప్పి వదిలినవే. కొన్ని వారానికి నాలుగైదు ఊళ్ల అవతల దొరికాయి.

అప్పట్లో ఉమ్మడి రాష్ట్రం కాబట్టి మా శిక్షణల్లో కోస్తా వాళ్లూ ఉండేవాళ్లు. దివిసీమ నుంచి వచ్చిన ఒకాయన చెప్పిన మాట నాకు బాగా పట్టింది. 1977 నవంబరు 19 ఉప్పెనను చూసిన వాళ్ల అమ్మ, తుఫాను కబురు రేడియోలో వినబడితే బియ్యం మూట కట్టకముందే కొట్టంలోకి పోయి పలుపులన్నీ విప్పేదట. ఆ తరం అనుభవం అక్కడ అలవాటుగా మారింది. మా దగ్గర నది ఎప్పుడో ఒకసారి వస్తుంది, ఆ ఒక్కసారికి అలవాటు పుట్టదు. ఎవరో ఒకరు పనిగట్టుకుని చెప్పాలి. ఊళ్లో డప్పు చాటింపు వేసేటప్పుడు "లోతట్టు ప్రాంతాల వాళ్లు ఖాళీ చేయాలె" అన్న మాటకు వెంటనే "పశువుల పలుపులు విప్పాలె" అన్న మాట కూడా చేర్చమని నేను అడిగిన సర్పంచులందరినీ అడుగుతుంటాను. దానికి రూపాయి ఖర్చు లేదు.

కోస్తా తుఫాను మాకు రాదనుకోవడం కూడా తప్పే. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను గోదావరి జిల్లాల దగ్గర తీరం దాటింది. టీవీలన్నీ అటే చూపించాయి. తెల్లారేసరికి ఆ వాన నల్లమల మీదికి, నల్లగొండ మీదికి వచ్చి కూర్చుంది. డిండి పొంగింది, హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు మీద రాకపోకలు ఆగిపోయాయి. వాగు పక్కన కోళ్లఫారాల్లోకి, మేకల దొడ్లలోకి నీళ్లు వచ్చాయి. ఏరిన పత్తి, కోసిన వరి ఎట్లాగూ పోయాయి. నాకు ఇంకా భయమేసింది తడిసిన గడ్డి గురించి. బూజు పట్టిన గడ్డి తిన్న బర్రె వట్టిపోతుంది, చూడిది ఈసుకుపోతుంది. ఆ నష్టం నవంబరులోనో డిసెంబరులోనో కనబడుతుంది, అప్పటికి లెక్కలు రాసేవాళ్లు వెళ్లిపోయి ఉంటారు. వాన వెలిసిన తర్వాత సన్న ఈగలు లేచి జీవాలకు నీలినాలుక రోగం తెస్తాయి. దాన్ని ఎవరూ తుఫాను ఖాతాలో వేయరు. నేనైతే అక్కడే వేస్తాను.

ఇక కరువు. నేను ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఇదే.

వరదలో, పిడుగులో చచ్చిన పశువుకు కనీసం కళేబరం ఉంటుంది. ఫొటో ఉంటుంది, పంచనామా ఉంటుంది, సర్టిఫికెట్ ఉంటుంది. కరువులో మాత్రం రైతు పశువును చావనివ్వడు. ఎముకలు తేలేదాకా చూసి, ఇక లాభం లేదనుకున్న రోజు అంగడికి తోలుకుపోతాడు. పెబ్బేరు అంగడికో, దేవరకద్ర అంగడికో. ఆ వారం అందరూ అమ్మేవాళ్లే, కొనేవాడు కబేళా బేరగాడు. ఎనభై వేల బర్రెకు ముప్పై వేలు పలుకుతుంది. అదే బర్రె వరదలో కొట్టుకుపోయి ఉంటే 37,500 వచ్చేవి. కరువులో సగానికి తక్కువకు అమ్ముకుంటే ఏమీ రాదు, ఎందుకంటే ఏ కాగితం మీదా అది నష్టం కాదు, అమ్మకం.

మా నాయన ఎడ్లను అట్లనే అమ్మాడు. తూర్పు ఎడ్లు, అమ్రాబాద్ గుట్టల మీద పెరిగే పొడ తూర్పు జాతివి. తెల్లటి ఒంటి మీద ఎర్రటి మచ్చలు, తక్కువ మేతతో గట్టిగా పనిచేస్తాయి. ఈ జాతికి తర్వాత జాతీయ గుర్తింపు కూడా వచ్చింది. రాళ్ల నేలలో దున్నడానికి వాటికి మించినవి లేవు. 2002 కరువు తర్వాత బోరు ఎండింది, చొప్ప అయిపోయింది. నాయన వాటిని అమ్మి, ఆ డబ్బు అప్పుకు కట్టి, మేస్త్రి వెంట పుణెకు పోయాడు. రెండేండ్లకు మంచి వాన పడితే తిరిగొచ్చి జత కొనబోయాడు. అందరూ కొనేవాళ్లే అప్పుడు. తాను అమ్మినదానికి రెండున్నర రెట్లు చెప్పారు. కొనలేకపోయాడు. ట్రాక్టరు కిరాయికి దున్నించుకున్నాం, అప్పటి నుంచి మా కొట్టంలో ఎడ్లు లేవు. మా ఇంట్లో కరువు ఎప్పుడు అయిపోయిందని అడిగితే నేను చెప్పలేను.

2015 నవంబరులో ప్రభుత్వం 231 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించింది. అందులో 64 మా పాలమూరువే, అంటే అప్పటి జిల్లా మొత్తం. ఆ చలికాలంలో నేను తిరిగే ఊళ్లలో ఎద సూదులు సగానికి పడిపోయాయి. తిండి లేని బర్రె ఎదకు రాదు. ఎదకు రానిది కట్టదు, కట్టనిది వచ్చే ఏడు ఈనదు, ఈననిదాన్ని పాలవాడు పట్టించుకోడు. అంటే ఒక్క వానాకాలం పోతే పాల డబ్బులు రెండేండ్లు పోతాయి. ఈ లెక్క మా రిజిస్టర్లలో ఉంది. కరువు నష్టం లెక్కగట్టేవాళ్లు ఎకరాలు అడుగుతారు, పంట అడుగుతారు. ఆ రిజిస్టర్లు ఎవరూ అడగలేదు.

మేత ఎందుకు ఇంత తొందరగా అయిపోతున్నదని చాలామంది అడుగుతారు. వాన ఒక్కటే కారణం కాదు. మా చిన్నప్పుడు ప్రతి చేనులో జొన్న ఉండేది, కొట్టం పక్కన ఏడాదికి సరిపడా చొప్ప వామి ఉండేది. ఇప్పుడు ఆ చేన్లన్నీ పత్తి. పత్తికట్టెను పశువు తినదు. నల్లగొండ ఆయకట్టు వైపు వరిగడ్డి దండిగా ఉన్నా, మిషన్ కోత తర్వాత గడ్డి చేనులోనే చెల్లాచెదురై పడితే ఏరలేక నిప్పు పెట్టేవాళ్లున్నారు. మిర్యాలగూడలో మంట పెట్టిన గడ్డి కోసం అచ్చంపేటలో ట్రాక్టరు కిరాయి పెట్టుకుని వెతుకుతాం. గడ్డి చుట్టే బేలర్లు వచ్చాక కొంత నయం.

జొన్న వేసినా కరువులో ఒక ప్రమాదం ఉంది, దాన్ని కొత్తగా పశువులు పెట్టుకున్నవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. వాన వెనకబడి మోకాలెత్తులో గిడసబారిన జొన్నలో, కోసిన తర్వాత లేచే పిలకల్లో సైనైడు విషం పేరుకుంటుంది. ఆకలి మీదున్న పశువు చేనులో దూరి పదిగుక్కలు మేస్తే చాలు. కడుపు ఉబ్బుతుంది, చొంగ కారుతుంది, తూలి పడుతుంది, గంట లోపల ప్రాణం పోవచ్చు. మా వైపు దీన్ని నాము అంటారు. హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, నరానికి వెంటనే ఎక్కిస్తే లేచి నిలబడిన బర్రెలను నేను కండ్లారా చూశాను. అందుకే వాన గ్యాపు వచ్చిన ఏడు దవాఖానలో హైపో ఉన్నదా అని ముందే అడిగి పెట్టుకోవాలి, పశువుల అంబులెన్సు 1962 నంబరు ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి. జొన్న కంకి వేసే దశకు వచ్చాక, బాగా వాన పడి పెరిగాక మేపవచ్చు.

అమ్ముకున్న పశువు లెక్క దొరకదనే మాటను నేను ఒప్పుకోను. అంగట్లో పశువు అమ్ముడుపోతే తలకింత అని వసూలు చేసి రశీదు రాస్తారు. పశువు చెవికి ఇప్పుడు పన్నెండు అంకెల పసుప్పచ్చ పోగు ఉంది, అది ఏ ఊరిదో, ఎవరిదో అందులో తెలుస్తుంది. కరువు మండలాలు ప్రకటించిన నెలల్లో ఆ రశీదులు, పోగుల నంబర్లు దగ్గర పెట్టి చూస్తే ఏ ఊరి నుంచి ఎన్ని పశువులు పోయాయో ఒక గుమాస్తా వారం రోజుల్లో తీయగలడు. వాన పడిన తర్వాత ఆ ఇండ్లకే ముందుగా సబ్సిడీ పశువులు ఇవ్వవచ్చు. 2017లో 75 శాతం సబ్సిడీతో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చిన పథకం మా ఊళ్లకూ వచ్చింది. గొర్రెల కాపరుల సొసైటీలో సభ్యత్వం ఉన్నవాళ్లకు వచ్చింది. కరువులో మందను అమ్ముకున్నవాళ్లెవరని అప్పుడు ఎవరైనా అడిగి ఉంటే వరుస వేరేగా ఉండేది.

చెవి పోగు గురించి ఇంకో మాట. చాలామంది దాన్ని వద్దంటారు, చెవి చీముపడుతుందని. మొదటి వారం వేపనూనె రాస్తే ఏమీ కాదు. ఏ ఉపద్రవంలోనైనా మీ పశువు మీదేనని చెప్పే రుజువు అదొక్కటే. చచ్చిన పశువును ఫొటో తీసేటప్పుడు చెవి పోగు నంబరు కనబడేటట్టు ఒకటి, చుట్టూ కొట్టమో చెట్టో కనబడేటట్టు ఒకటి, ఇంటి మనిషి పక్కన నిలబడింది ఒకటి తీయండి. సారు వచ్చేదాకా పూడ్చకండి, ఎండలో అయితే పైన తడి గోనె కప్పి ఉంచండి. పూడ్చేటప్పుడు ఆరడుగుల లోతు తీసి సున్నం చల్లండి, బావికీ వాగుకూ దూరంగా.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలకు బర్రెను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. నల్ల తోలు, చెమట తక్కువ, కుంటలో పడుకోవడమే దానికి తెలిసిన వైద్యం, ఆ కుంట ఎండి ఉంటుంది. పదకొండు నుంచి నాలుగు దాకా బయటికి తోలకండి, రేకుల కొట్టమైతే పైన గడ్డో కొబ్బరి మట్టలో పరిచి నీళ్లు చల్లండి. ఉపాధి హామీలో కట్టిన నీటి తొట్లు చాలా ఊళ్లలో పగిలి పడి ఉన్నాయి. ఒక బస్తా సిమెంటుతో బాగవుతాయి, ఊరి యువకులు పూనుకుంటే ఒక్క పూట పని.

మా మండలంలో గొంతువాపు, జబ్బవాపు టీకాలు, జీవాలకు చిటుకు రోగం టీకాలు మృగశిర వానల కన్నా ముందే వేస్తాం. తొలకరి పచ్చిక మీద పడి తిన్న జీవాలే చిటుకుతో పొద్దున్నే చచ్చి కనబడతాయి, కాబట్టి వాన పడ్డాక చూద్దామని ఆగకండి. పొద్దున ఆరింటికే మీ వాడలోకి వస్తాం, మేతకు విడవకముందు. చాటింపు వినబడితే పశువులను కట్టేసి ఉంచండి, చెవి పోగు లేనివి ఉంటే అప్పుడే చెప్పండి, అక్కడే వేసి నంబరు ఎక్కిస్తాను. మంద మీద ఉన్నవాళ్లు ఏ దారిన పోతున్నారో ముందుగా ఫోన్ చేస్తే, ఆ దారిలో ఉన్న గోపాలమిత్రకు నేను చెప్పి పెడతాను.